ఎర్రనీళ్లు తేటపడిన రోజు

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన మూడో ఏడు నేను ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మట్టితో నీళ్లలోని రంగు తీయడం నా ప్రాజెక్టు. కొత్తూరు అవతల నేను అక్కా అని పిలిచే ఒక మహిళా రైతు బావిలోకి పక్కనున్న బట్టల అద్దకం షెడ్డు నీళ్లు ఊరి, బావి ఎర్రబడింది. నేను ఆ నీళ్లనే సీసాల్లో నింపుకుని బస్సులో కాలేజీకి తీసుకెళ్లేదాన్ని.

మామూలు నల్లరేగడి ఆ ఎరుపును పట్టలేదు. ఒక రసాయనంలో నానబెట్టి ఆరబెట్టిన మట్టి మాత్రం గంటలో నీళ్లను తేటపరిచింది. సంతోషం ఆగక మరునాడే వెళ్లి, అక్క ముందు బకెట్లో కలిపి చూపించాను. రంగు అడుక్కి దిగిపోతుంటే ఆమె నోటిమీద చెయ్యి వేసుకుంది.

"జర గా మట్టి నాకు గూడ ఇయ్యరాదా చెల్లె? బర్రెలకు నీళ్లు మోసి మోసి నడుములు పోతున్నయ్."

పొట్లం కట్టి ఇచ్చాను. ఆ నీళ్లు తాగించవద్దని చెప్పానా? చెప్పలేదనే ఇప్పటికీ అనుమానం.

రెండు రోజుల తర్వాత మా మేడమ్ నా నోట్సు చూస్తూ, "రంగు పోయింది సరే. మట్టికి పట్టించిన రసాయనం తిరిగి నీళ్లలోకి దిగుతోందేమో చూశావా?" అని అడిగారు.

చూడలేదు. అక్కకు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. కొత్తూరు బస్సు ఎక్కాను. డ్రైవరు ఆపిన ప్రతిచోటా, దిగి పరిగెత్తితే ముందే చేరతానేమో అనిపించింది.

ఆమె కొట్టం ముందు గడ్డి వేస్తోంది. పక్కన బాన నిండా తేటనీళ్లు.

"బర్రెలు తాగాయా అక్కా?"

"ఇంక తాగలే. నోరులేని జీవాలాయె, ఏమన్న అయితదేమోనని పొద్దుగాల ముందు నేనే గిలాసెడు తాగిన. ఏంది చెల్లె, గట్ల ఉరికొచ్చినవ్?"

నిజం చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె బాన వంక చూసి, "తేటగుంటె మంచియే అనుకున్న" అని మాత్రం అంది.

దవాఖానకు తీసుకెళ్లాను. వాంతులైతే వెంటనే రమ్మని డాక్టరు పంపేశాడు. రోజూ రెండుసార్లు ఫోన్ చేశాను. నాలుగో రోజు, "నాకేం కాలే. ఇగ చెయ్యకు, పని చేసుకోనియ్యి" అని విసుక్కుంది. ఆ విసుగు విన్నాకే నాకు అన్నం సహించింది.

పరీక్ష చేస్తే తేటనీళ్లలో ఆ రసాయనం కొంచెం తేలింది. ఆ సంగతి రిపోర్టులో మొదటి పేజీలోనే రాశాను. తీసేస్తే మార్కులు ఎక్కువొస్తాయని తోటివాళ్లు చెప్పారు. తీయలేదు.