అమావాస్యనాడు నేర్చుకున్న ప్రోగ్రాము

హిందూపురంలో నేను పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీలో, మేడ మీద ల్యాబులో ఉన్న కంప్యూటర్లు ముసలివైపోయాయి. వాటిని చూసి పిల్లలు నవ్వుకుంటారు. ఎవరైనా వాటిని ఒక్క మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. విడివిడిగా అవి ఎందుకూ కొరగాకపోవచ్చు. ఒక పెద్ద పనిని ముక్కలు చేసి అన్నిటికీ పంచి చూడండి, అప్పుడు తెలుస్తుంది వాటి సత్తా. ఆ పంచడమే నా చదువు, నా ఉద్యోగం. మా ఇంట్లోవాళ్ళను అడిగితే నా పిచ్చి అంటారు.

పంచడమంటే సులువనుకుంటారు. మాది పెనుకొండ పక్కన వేరుశనగ పండించే కుటుంబం, మా వైపు చెనక్కాయలంటాం. విత్తనానికి కాయలు వలిచేటప్పుడు మా అవ్వ కూలికి వచ్చిన ఆడవాళ్ళకు కాయలు పంచేది. గుప్పెడు గుప్పెడు ఇస్తే వాళ్ళు వలవడం కన్నా లేచి అవ్వ దగ్గరికి తిరగడమే ఎక్కువయ్యేది. గంపెడేసి ఇస్తే చేతి చురుకు ఉన్నామె ముందే ముగించి కబుర్లలో పడేది, నిదానస్తురాలు చీకటి పడేదాకా అక్కడే కూర్చునేది. కంప్యూటర్ల దగ్గరా ఇదే తంటా. ముక్క ఎంత ఉండాలి, ఏ మిషనుకు ఎన్ని వెళ్ళాలి, ఒక్కో మిషను ఒకేసారి ఎన్నిటిని చేతిలోకి తీసుకోవాలి. ఇవి కుదిరితే రోజంతా పట్టే పని ఒక పూటలో తెమిలిపోతుంది. నేను ఏళ్ళ తరబడి వీటిని చేత్తోనే కుదిర్చాను. ఒక అంకె మార్చడం, నడిపి చూడడం, మళ్ళీ మార్చడం. కూరలో ఉప్పు చూసినట్టు చూసేదాన్ని. నా చేతి మీద నాకు గర్వం ఉండేది, ఇప్పటికీ ఉంది.

అలాంటి నా దగ్గరికి ధర్మవరం నుంచి ఒకమ్మాయి లెక్చరరుగా వచ్చింది. నేతపనివాళ్ళ బిడ్డ. ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ చేస్తోంది. పొద్దున రైల్లో ఆమె ధర్మవరంలో ఎక్కేది, నేను పెనుకొండలో ఎక్కేదాన్ని. ఆమె పక్కన నా కోసం బ్యాగు పెట్టి సీటు ఆపేది, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి ఎక్కేవాళ్ళు ఆ బ్యాగును గుర్రుగా చూసేవాళ్ళు. ఒకరోజు ఆమె, "మేడమ్, మీరు చేత్తో కుదిర్చేది మిషనుకే నేర్పిస్తే ఎట్లుంటాది?" అంది.

"నా ఉద్యోగం ఊడుతుంది," అన్నాను.

నవ్వి ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోలేదు, తయారు చేసేసింది. ఆ ప్రోగ్రాము మునుపు నడిపిన పనులన్నీ చూస్తుంది. ఏ అమరికతో ఎంత సేపు పట్టిందో నేర్చుకుంటుంది. కొత్త పని రాగానే ఏ అమరిక మేలో అంచనా వేస్తుంది, అంచనా తప్పితే దిద్దుకుంటుంది. నేను పంతానికి పోయి నా అమరికకూ దాని అమరికకూ పోటీ పెట్టాను. అదే గెలిచింది. నేనైతే ముసలి మిషన్ల మీద జాలిపడి వాటికి చిన్న ముక్కలు ఇచ్చేదాన్ని. అది వాటికి పెద్ద ముక్కలే ఇచ్చింది, కాకపోతే అందరికన్నా ముందు ఇచ్చింది. చివర్లో మిగిలిన చిన్నాచితకా ముక్కలను కొత్త మిషన్లు గబగబా ఊడ్చేశాయి. ఇన్నేళ్ళలో ఆ ఆలోచన నాకు తట్టనే లేదు. ఆ సాయంత్రం రైల్లో మొహం మాడ్చుకుని కూర్చున్నానని ఆమె ఇప్పటికీ నన్ను ఏడిపిస్తుంది. అది నిజం కాదు. మాడ్చుకున్నది కాసేపే, తర్వాత పెనుకొండ వచ్చేదాకా ఆ ప్రోగ్రాము గురించే అడుగుతూ కూర్చున్నాను.

ఆమెకు ఒక అక్క ఉంది, ధర్మవరంలో మగ్గం నేస్తుంది. పట్టుచీరల దుకాణం ఒకటి పట్టు ఇస్తే కూలికి నేసి అప్పజెబుతుంది. చీర మగ్గం దిగగానే దుకాణానికి పోతుంది, ఆ తర్వాత అది ఏ ఊరు పోయిందో, ఎవరు కట్టుకున్నారో ఆమెకు తెలియదు. సొంతంగా, తన పేరు మీద, కట్టుకునే మనిషిని చూసి ఒక్క పెళ్ళి ఆర్డరైనా నేయాలని ఆమె కోరిక. చెల్లెలు దాన్ని చెవిన వేసుకుంది.

ధర్మవరం చీరలో నిలువు పోగు ఒక రంగు, అడ్డం పోగు ఇంకో రంగు వేస్తారు. మడత తిరిగినప్పుడల్లా రంగు మారుతుంది. ఆ మార్పును కాగితం మీద చూపించలేరు, అందుకే నేశాక చూసి మొహం చిట్లించేవాళ్ళుంటారు. చెల్లెలు ప్రతి పోగు మీదా వెలుతురు ఎలా పడుతుందో లెక్కగట్టి, నేయక ముందే చీర బొమ్మ చూపించే ప్రోగ్రాము రాసింది. ఒక్క కంప్యూటరు మీద పెడితే ఆ బొమ్మకు రోజులు పడతాయి. అందుకని మూడు ఊళ్ళకు పంచాం. హిందూపురంలో మా ల్యాబు, పెనుకొండలో మా ఆయన నడిపే కంప్యూటర్ సెంటరు, ధర్మవరంలో వాళ్ళ బంధువుల డిజైన్ సెంటర్లు. చీరలకు అంచులూ బుటాలూ గీసే ఆ సెంటర్లలో మిషన్లు మంచి వేగమైనవి. ఎవరికి ఎంత పంచాలో తేల్చే పని మాత్రం ఆమె నేర్పిన ప్రోగ్రాముదే.

కదిరి నుంచి ఒక పెళ్ళివారు వస్తున్నారని కబురొచ్చింది. పెళ్ళికూతురు, వాళ్ళమ్మ, మేనమామ. బొమ్మ చూసి నచ్చితే పెళ్ళి చీరలన్నీ అక్కకే ఇస్తారు. నచ్చకపోతే, లేదా బొమ్మ రాకపోతే, మెయిన్ రోడ్డులో పెద్ద దుకాణాలకు పోతారు. సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్ళిపోవాలి. నేనూ సెలవు పెట్టి ధర్మవరం వెళ్ళాను, చూడకుండా ఉండలేక.

అక్క ఇంటి ముందు గదిలో చాప మీద కూర్చున్నాం. పెళ్ళికూతురు పట్టు పోగుల కట్టలను, ఆ చిలపలను, వెలుతురులో పెట్టి చూసి చూసి, నిలువుకు వంకాయ రంగు, అడ్డానికి చిలకపచ్చ ఎంచుకుంది. వాళ్ళమ్మకు పచ్చ నచ్చలేదు, మూతి విరిచింది. "బొమ్మ చూసి మాట్లాడుకుందాం లేమ్మా," అంది అక్క ధైర్యంగా. చెల్లెలు ల్యాప్‌టాప్ తెరిచి పని మొదలుపెట్టింది. ప్రోగ్రాము ఎప్పటిలాగే పంచింది, పెద్ద వాటా ధర్మవరం సెంటర్లకు ఇచ్చింది. మొదట్లో తెర మీద రంగు గళ్ళు చకచకా నిండాయి. ఆ తర్వాత నిలబడిపోయాయి. హిందూపురం వాటా అయిపోయింది, పెనుకొండదీ అయిపోయింది. మిగిలిన ధర్మవరం వాటా అంతా తెల్లగా అలాగే ఉంది.

మేనమామ గడియారం చూశాడు. "ఏమ్మా, ఎంతసేపు? మేం ఇంకా అంగళ్ళు సూడాల."

"కూసోండన్నా, వస్తాది," అని అక్క మజ్జిగ తెచ్చిచ్చింది. పక్కకు వచ్చి చెల్లెలి చెవిలో, "ఏమ్మే, వస్తాదా రాదా? వీళ్ళు పోతే మళ్ళీ యాడ వస్తారు?" అంది. నాకు కాలు నిలవలేదు. వీధిలో అటూ ఇటూ తిరిగాను. ఆ వీధి పొడవునా మగ్గాల చప్పుడు టకటకమంటోంది.

చెల్లెలు డిజైన్ సెంటరుకు ఫోను చేసింది. "చిన్నాయనా, ఆడ ఏం జరుగుతాండాది?"

"పెళ్ళి ముహూర్తాలు కదమ్మా," అని ఆయన అరవడం నాకు కూడా వినిపించింది. "అన్ని మిషన్ల మీదా డిజైన్లు చేస్తాండారు. ఊపిరాడ్డం ల్యా."

ఫోను పెట్టేసి ఆమె వీధి వైపు చూసింది. మగ్గాల చప్పుడు విని నెత్తి కొట్టుకుంది. "మేడమ్, మనం దీనికి అమావాస్యలు తప్ప ఏమీ సూపించల్యా."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆ వీధుల్లో అమావాస్యనాడు మగ్గం ముట్టుకోరు. మగ్గం ఆగితే డిజైన్ సెంటర్లకూ పనుండదు. మేం మిషన్లు అడిగినప్పుడల్లా వాళ్ళు, "అమావాస్య పొద్దు రాండి, ఎంతసేపన్నా వాడుకోండి," అనేవాళ్ళు. మేం అలాగే వెళ్ళాం. ప్రోగ్రాము ధర్మవరం గురించి నేర్చుకున్నదంతా అమావాస్యల్లోనే నేర్చుకుంది. పాపం దానికి, ఈ ఊళ్ళో మిషన్లు ఎప్పుడూ ఖాళీగా ఉంటాయనే తెలుసు. ఒక్క పనిరోజును కూడా అది చూసి ఎరగదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన ఆమెకు అమావాస్య సెలవు ఊపిరి పీల్చడమంత మామూలు సంగతి, అదొక వింత రోజని తోచనే లేదు.

"దాన్ని ఆపెయ్. నా పాత అమరిక పెట్టు," అన్నాను.

"మీది హిందూపురం ల్యాబుకు కుదిరింది మేడమ్. ఈడ ఈ పొద్దు ఎంత ఖాళీ ఉండాదో మీకూ తెల్దు, నాకూ తెల్దు. దానికే తెలియాల."

అంటూనే ఆమె, ప్రోగ్రాము ధర్మవరం గురించి నేర్చుకున్న పాఠాలన్నీ ఒక్క దెబ్బకు తీసేసింది. నెలల తరబడి అమావాస్య అమావాస్యకు కూడబెట్టినవి అవి. ఆమె పీహెచ్‌డీలో ఒక అధ్యాయం మొత్తం వాటి మీదే నిలబడి ఉంది. "అధ్యాయం పోతుందే పిల్లా!" అన్నాను, మనసు ఒప్పక. "తప్పుదే కద మేడమ్," అంది, తల కూడా ఎత్తలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తప్పని తెలిసినా తమ ఫలితాల పట్టికలు కాపాడుకోవడానికి ఏమేమో చేసిన మనుషులను చూశాను. ఇంత తేలిగ్గా వదులుకున్న మనిషిని చూడలేదు. తర్వాత ఆ అధ్యాయం మళ్ళీ రాసింది. మొదటి పేరాలోనే అమావాస్య సంగతి పెట్టింది. వాళ్ళ గైడుకు అది నచ్చలేదు, నాకు మాత్రం అదే నచ్చింది.

ఇరుక్కుపోయిన ముక్కలను వెనక్కి లాగి, ప్రోగ్రామును అప్పటికప్పుడు నేర్చుకోమని వదిలింది. అది ప్రతి మిషనుకూ ఒక్క చిన్న ముక్క పంపింది. ఎవరు ఎంత సేపట్లో తిరిగి ఇచ్చారో చూసింది. త్వరగా ఇచ్చినవాళ్ళకు ఇంకాస్త పెద్దది, ఆలస్యమైనవాళ్ళకు ఇంకాస్త చిన్నది ఇస్తూ పోయింది. ఆమె ఇంకో పని కూడా చేసింది. ముక్కల వరస మార్చి కొంగును ముందుకు తెచ్చింది. చీర కొనే ఆడవాళ్ళు ముందు కొంగే చూస్తారు, ఆ సంగతి ఏ ప్రోగ్రాముకూ తెలియదు. నేను మా ఆయనకు ఫోను చేసి అర్జెంటన్నాను. ఆయన టైపింగు నేర్చుకునేవాళ్ళందరినీ టీ తాగి రమ్మని తరిమేశాడు. పెనుకొండ మిషన్లు ఖాళీ అవ్వడం కూడా ప్రోగ్రాము వెంటనే పసిగట్టి, ముక్కలను అటు మళ్ళించింది. చూస్తుంటే నా ఒళ్ళు పులకరించింది. ఊరినిండా పనిలో ఉన్న మిషన్లు కాస్త కాస్త ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కో గడి నింపుతున్నాయి. అంత చక్కగా పంచడం నా చేత్తో నేను ఏనాడూ చేయలేను. ఆ మాట పైకే అన్నాను, ఆమె వినిపించుకునే స్థితిలో లేదు.

కొంగు నిండింది. తర్వాత అంచు నిండింది. మధ్యలో చీర ఒళ్ళంతా ఇంకా తెల్లగానే ఉంది. మేనమామ లేచి చెప్పులేసుకున్నాడు. "బస్సు పోతాది, లెయ్యండి."

"ఉండు మామా," అంది అమ్మాయి.

ఆమె తెర ముందుకు జరిగి కూర్చుంది. కొంగు మడతలో లోపలి వైపు వంకాయ రంగు, మడత మీద పచ్చ. చెల్లెలు బొమ్మను కొద్దిగా తిప్పింది. పచ్చ జారిపోయి దాని కింద నుంచి వంకాయ లేచింది. పచ్చ వద్దని మూతి విరిచిన తల్లి వచ్చి కూతురి వెనక నిలబడింది. అక్క గడప దగ్గరే ఉండిపోయింది, లోపలికి రావడానికి భయపడి.

"ఇంకోసారి తిప్పు పాపా," అంది తల్లి. చెల్లెలు తిప్పింది. "ఇదే బాగుండాది," అని, తెర కిందికి చూసి, "మిగతా చీర కనపళ్ళేదే?" అంది.

"మిగతాది నేను నేసి సూపిస్తా," అంది అక్క గడప దగ్గర నుంచి.

తల్లీ కూతురూ ఒకరినొకరు చూసుకున్నారు. మేనమామ చెప్పులు విడిచి మళ్ళీ కూర్చున్నాడు. "అన్నీ ఈమెకే ఇద్దాం," అంది తల్లి. చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. నా కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

తెర మీద గళ్ళు ఒక్కొక్కటే ఇంకా నిండుతూనే ఉన్నాయి. ఇక ఎవరూ అటు చూడలేదు. అక్క లోపలికి వచ్చి, చేతులు చీరకు తుడుచుకుని, "ఇట్ల నిలబడు తల్లీ," అని అమ్మాయిని లేపింది. ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, నడుము నుంచి పాదం దాకా జానలతో కొలిచింది. తలెత్తి ఆ పిల్ల మొహంలోకి చూసి, "పొడుగుండావు. నీకు చీర వెడల్పు, పన్నా, కొంచెం ఎక్కువ పెట్టి నేయాల," అంది.