గుడ్ల జాడీ

మొన్న ఆవకాయ రోజుల్లో తిరువూరు వెళ్తే మా పెద్దమ్మ నన్ను అటక ఎక్కించింది. రెడ్డిగూడెం తోట నుంచి కాయలు వచ్చి పడ్డాయి, ఉన్న జాడీలు చాలట్లేదు. మూలన దుమ్ము కొట్టుకుపోయిన పెద్ద జాడీ ఒకటి కనిపిస్తే దింపి తుడిచాను. లోపల మెడ కింద చుట్టూ తెల్లటి చార ఉంది. గోటితో గీకాను, కొబ్బరి పీచుతో రుద్దాను, వదల్లేదు. ఇందులో ఏం పెట్టావని అడగబోయి ఆగిపోయాను. గుర్తొచ్చింది. అది గుడ్ల జాడీ.

కొన్నేళ్ళ క్రితం నాకు తిరువూరు బడికి బదిలీ అయితే వాళ్ళ మేడ మీది గదిలోనే ఉన్నాను. ఆ ఏడు ఎండలు ముదరక ముందే పెదనాన్నకు జ్వరం పట్టుకుంది. జ్వరం తగ్గింది గాని పోతూ పోతూ నోటి రుచి పట్టుకుపోయింది. మనిషి సగమయ్యాడు. అన్నం చూస్తే మొహం తిప్పేసుకునేవాడు. తినేది ఒక్కటే, పొద్దున్నే ఉడకబెట్టిన నాటుకోడి గుడ్డు, మిరియాల పొడి చల్లుకుని. "ఏది తింటే అదే పెట్టండి, ముందు బలం రావాలి" అన్నాడు డాక్టరు. ఫారం గుడ్డు పెడితే వాసన చూసి పళ్ళెం పక్కకు నెట్టేవాడు. బజార్లో నాటుగుడ్లని అమ్మేవన్నీ టీ డికాషన్‌లో ముంచినవేనని ఆయన గట్టి నమ్మకం. తడిగుడ్డతో తుడిచి చూసేవాడు కూడా. దాంతో ఆయన ప్రాణం పెద్దమ్మ పెరట్లోని అరడజను పెట్టల దయ మీద నిలబడింది. వేసవిలో అవి బాగానే దయ చూపించాయి. పెద్దమ్మ దిగులంతా వానల గురించి. తొలకరి దాటాక ఆ పెట్టలు ఈకలు రాల్చుకుని, అలిగిన ఆడపడుచుల్లా మూలకు చేరతాయి. గుడ్డు మాటే ఎత్తవు. "అప్పుడీయనకేం పెట్టనురా?" అని రోజుకోసారి నన్ను అడిగేది.

ఫ్రిజ్ లేదా అని మీరడగొచ్చు. ఉంది. అందులో నైవేద్యం పాలు కూడా ఉంటాయి. ఏదో మొక్కుకుని పెద్దమ్మ నీచు మానేసి చాలా ఏళ్ళయింది. పెదనాన్నకు మాత్రం వెనక వరండాలో వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో అన్నీ వండి పెట్టేది. ఉప్పు సరిపోయిందో లేదో వాసన పట్టి చెప్పేది, ఒక్కసారి కూడా తప్పలేదు. గుడ్డు ఫ్రిజ్‌లోకి రావడానికి మాత్రం వీల్లేదు. "దేవుణ్ణి పూజగదిలోంచి ఫ్రిజ్‌లోకి మార్చావా ఏంటి?" అని పెదనాన్న ఒకసారి అన్నాడు. ఆ పూట ఆయన కాఫీ చాలా ఆలస్యమైంది.

అలాంటి రోజుల్లో పెద్దమ్మ ఫోన్లో ఒక వీడియో చూసింది. ఏ దేశం వాడో, సున్నపు నీళ్ళలో గుడ్లు ముంచి నెలల తరబడి దాస్తున్నాడు. అతని ఇంగ్లీషు ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "మాటలెందుకురా, చేతులు కనపడుతున్నాయిగా" అంది. ఇక ఆవకాయ పెట్టినంత హడావుడి. జాడీ కడిగి ఎండబెట్టింది. పేరుకున్న గుడ్లన్నీ పసుపు నీళ్ళలో కడిగి, పాత పంచె ముక్కతో తుడిచి, చేటలో నీడన ఆరబెట్టింది. అతను కడిగినట్టు లేదు పెద్దమ్మా అన్నాను. "ముందే కడిగుంటాడు. కడక్కుండా ఎవరైనా జాడీలో పెడతారా?" అంది. సన్నటి కొస కిందికి వచ్చేలా పేర్చి, సున్నపు నీళ్ళు పోసి, తెల్లగుడ్డ వాసెన కట్టి స్నానానికి వెళ్ళింది. ఆవిడ దీపం పెట్టే వేళకు నల్లపెట్ట కొక్కొక్కోమని ఊరంతా చాటింది. ఆ వెచ్చటి గుడ్డు తెచ్చి నేను గుమ్మం దగ్గర నిలబడితే ఆవిడ ఆమడ దూరం జరిగింది. "స్నానం చేశాను, ముట్టుకోను. అట్టాగే జాడీలో పడేసి మళ్ళీ కట్టెయ్యి."

నెల తిరిగాక వాసెన విప్పితే ఇల్లంతా కంపు. నేను ముక్కు మూసుకుని వీధిలోకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి పెద్దమ్మ పెరట్లో కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఒక్కో గుడ్డూ పగలగొట్టి చూస్తోంది. అన్నీ మురిగిపోయాయి. చివరికి ఒకటి మాత్రం చిప్పలో పచ్చసొన గుండ్రంగా నిలబడి కనిపించింది. పెంకు మీద కాస్త మట్టి మరక ఉంది. నల్లపెట్టది. కడగనిది. ఆవిడ ఆ పెంకును అటూ ఇటూ తిప్పి చూసింది.

"పుట్టేటప్పుడే దానికేదో పూత పూసి పంపుతున్నాడ్రా దేవుడు. నేను కడిగి పారేశాను" అంది.

అన్ని గుడ్లు పోయాయన్న బాధకంటే ఆ సంగతి కనిపెట్టిన సంబరమే ఆవిడ మొహంలో ఎక్కువ కనిపించింది. నాకు ముచ్చటేసింది. వానలకు ఇంక ఎంతో వ్యవధి లేదు. మళ్ళీ గుడ్లు పోగెయ్యడం మొదలెట్టింది. గుడ్డును కడక్కూడదు కాబట్టి కోళ్ళ గంపల్నే శుభ్రం చేసింది. రోజూ కొత్త గడ్డి పరిచేది. అయినా కడగని వస్తువును జాడీలో పెట్టడానికి ఆవిడకు మనసొప్పలేదు. కృష్ణా కృష్ణా అనుకుంటూ దించింది.

అనుకున్నట్టే వానలు పడ్డాయి, పెట్టలు మూలకు చేరాయి. జాడీలోంచి తీసిన మొదటి గుడ్డు ఉడుకుతుండగానే టప్పున పగిలింది. సున్నం పెంకును అంత గట్టిగా మూసేసింది మరి, లోపలి గాలికి దారి లేదు. రెండోదానికి పెద్దమ్మ లావుపాటి వైపు పిన్నీసుతో చిన్న బొక్క పెట్టింది. అది నిలిచింది. నిలవ గుడ్డని తెలిస్తే ఆయన ముట్టడని నా చేత ఒట్టేయించుకుంది. పెదనాన్న కొరికాడు, నమిలాడు, కాసేపు కిటికీ వంక చూశాడు. "ఇంకోటుందా?" అన్నాడు. పెద్దమ్మ ఇంకోటి తేవడానికి లోపలికి వెళ్ళి కొంగుతో కళ్ళొత్తుకుంది.

దసరా నాటికి ఆయన పప్పు, పచ్చడి వేసుకుని తింటున్నాడు. బస్టాండు దాకా నడుస్తున్నాడు. అలా నడిచిన ఒక సాయంత్రం ఉన్నట్టుండి అన్నాడు. "వానాకాలం మన పెట్టలు గుడ్లు పెట్టవని నాకు తెలవదేంట్రా? పెంకు మీద బొక్క కనపడదా? వరండా మంచం మీద పడుకుని అంతా చూశాగా. కరివేపాకు రెబ్బ కూడా మూడుసార్లు కడిగే మనిషి నాకోసం కడగని గుడ్లు జాడీలో పెట్టింది. తినకుండా ఎట్టా ఉంటా? మీ పెద్దమ్మకు చెప్పమాక."

నేను చెప్పలేదు. పెదనాన్న పోయి ఏడాది దాటింది. మొన్న ఆ జాడీ చేతిలో ఉండగా, ఇంకా దాచడమెందుకనిపించి చెప్పేశాను. పెద్దమ్మ మామిడికాయ తుడుస్తున్న చెయ్యి ఆపలేదు.

"నాకు తెలుసులేరా. బొక్క ఎటుందో చూసుకుని, నాకు కనపడకుండా ముందు అటువైపే పెంకు వొలుచుకునేవారు" అంది. కాయ పక్కన పెట్టి జాడీ వంక చూసింది. "దాన్ని రుద్దమాక. అటకెక్కించెయ్యి. ఆవకాయకు ఇంకోటి కొనుక్కుందాం."

ఎక్కించాను. సున్నపు నీళ్ళు ఎండిపోయి ఇన్నేళ్ళయినా, ఒక వానాకాలం మాత్రం ఆ జాడీ లోపల ఇంకా అలాగే నిలవ ఉంది.