కలుపు పాటలు, రెండు బటన్లు

నాందేడ్ స్టేషన్ దగ్గరి నెట్ కేఫ్‌లో కూర్చుని, సరిహద్దు తెలుగువాళ్ల కోసం నేనూ నా దోస్తూ ఒక ఫోరం నడిపేవాళ్లం. రెండు వేల సంవత్సరం తర్వాతి మాట. అందులో పోస్టులు దాచే, తీసేసే అధికారం మా ఇద్దరికే ఉండేది. ఇద్దరిదీ కర్ఖేలి ఊరే. వాళ్లది పటేళ్ల ఇల్లు, మాది వాళ్ల చేలల్లో కూలికి పోయిన ఇల్లు. అయినా వాడు మా అమ్మను చిన్నమ్మా అని పిలిచి, ఆమె చేతి జొన్నరొట్టె అడిగి మరీ తినేవాడు.

అమ్మ పాడే కలుపు పాటలు ఫోరంలో ఎక్కించేవాణ్ని. కలుపు తీస్తూ ఆడవాళ్లు పటేలింటి గుట్టంతా పాటలో పెట్టేవాళ్లు. పటేలమ్మ పోసే మజ్జిగలో నీళ్లే గానీ మజ్జిగ లేదన్న పాట అన్నిటికన్నా పేరుపడింది. పటేలు గట్టు మీద నిలబడి విన్నా నవ్వి ఊరుకోవాలి. కలుపు పాటకు కోపం తెచ్చుకోకూడదు, అది మా ఊరి రివాజు. ఆ పటేలమ్మ మా దోస్తుకు నాయనమ్మ. వాడూ చదివి నవ్వాడు.

ఒకరోజు చూస్తే ఆ పాటలు లేవు.

"బటన్ సమజ్ కాలేదు రా," అన్నాడు. "రెండూ ఇంగ్లీషుల, పక్కపక్కకే ఉన్నయి. ఏదో సర్దబోతే పోయినయి."

నమ్మాను. ఆ ఇంగ్లీషు ముక్కలు నన్నూ తికమక పెట్టేవి. అమ్మ మాత్రం తేలిగ్గా తీసుకుంది. "పోతే పోనీ బిడ్డా, నా నోట్లె ఉన్నయి గద," అని మళ్లీ పాడింది. మళ్లీ టైపు చేశాను.

ఇక ఎవరూ పొరబడకూడదని బటన్ల మీద తెలుగు రాయడానికి కూర్చున్నాను. 'తొలగించు' అంటే వాడే పెదవి విరిచాడు. "పుస్తకం మాటలద్దు. ఇంట్ల మాట్లాడినట్టు రాయి. 'పూరా తుడిచెయ్, మల్ల రాదు' అని పెట్టు." అలాగే పెట్టాను. పక్క బటన్ మీద 'కనబడకుండ దాచు, మల్ల తియ్యొచ్చు' అని నేను రాశాను. చాయ్ తాగుతూ మా తెలివికి మేమే మురిసిపోయాం.

మరుసటి ఏడు అమ్మ పోయింది. దినాలయ్యాక ఆమె పాటలు చదువుకుందామని కేఫ్‌కు వెళ్తే ఒక్క పాటా లేదు. ఉచితంగా దొరికిన జాగాలో నడుస్తున్న ఫోరం, అందులో చెరిపింది పోయినట్టే. వాడికి ఫోన్ చేశాను.

"బటన్ సమజ్ కాలే రా," అన్నాడు మళ్లీ.

"దాని మీది మాట నువ్వు చెప్పిందే గదరా. అండ్ల ఏం సమజ్ కాలే?"

వాడు గొంతు తగ్గించి, "మా చెల్లెకు బిలోలి ఊరి సంబంధం చూస్తున్నరు. ఆళ్లు గవి చదివిన్రంట. ఇంట్ల నన్ను తిట్టిన్రు," అన్నాడు.

మొదటిసారి కూడా పొరపాటు కాదని అప్పుడు తెలిసింది. ఆ పిల్ల పెళ్లి చెడాలని నాకెందుకుంటుంది? ఒక్క మాట చెబితే నేనే దాచేవాణ్ని. పరాయివాడు చేస్తే ఇంత మండేది కాదు. వీడు అమ్మ చేతి రొట్టె తిన్నవాడు, అమ్మ పాడె మోసినవాడు. ఆ పాటలు ఇక ఏ నోట్లోనూ లేవని వాడికి తెలుసు. దాచే బటన్ పక్కనే ఉంది. వాడు రెండూ చదివే నొక్కాడు.