వంతెన అడిగితే మెసేజ్ ఇచ్చారు

చప్పట్లు కొట్టింది మీరే. వాగులో నీళ్లు పెరిగితే ఫోన్‌కి మెసేజ్ పంపే యంత్రం పెట్టారని పేపర్లో చదివి, అడవికి కూడా టెక్నాలజీ వచ్చేసిందని మురిసిపోయింది మీరే. ఆ మెసేజ్ చూసి ఊరిని ఆపే మనిషి పోయిన వారం చనిపోయింది. మెసేజ్ మాత్రం సమయానికే వచ్చింది. అదీ తెలుసుకోండి.

ఆమె చర్ల అవతల, వాగు దాటితే వచ్చే గూడెంలో అంగన్‌వాడీ టీచరమ్మ. పోడు పట్టాల గొడవల కోసం నేను ఆ వైపు తిరిగిన రోజుల్లో ఆమె ఇంట్లోనే తిన్నాను, ఆమెతోనే వాదించాను. నా గొంతు లేచిందంటే, "ముందు తిను తమ్మీ, గవర్నమెంటు యాడికీ పోదు" అనేది.

యంత్రమంటే పెద్దదేం కాదు. వాగు ఎగువన కల్వర్టుకు బిగించిన పెట్టె, లోపల సిమ్ కార్డు, నెత్తిన సోలార్ పలక. నీళ్లు గీత దాటగానే మెసేజ్ పోతుంది. కాసేపటికి ఆ నీళ్లు గూడెం దగ్గరికి దిగుతాయి. గూడెం మొత్తంలో మెసేజ్ వచ్చేది ఆమె ఫోన్‌కే. బిగించిన రోజు ఫొటోలు అయిపోయాక ఆమె ఇంజనీరును అడిగింది: "సారూ, గిది నీళ్లొస్తున్నయని చెప్తది. మరి దాటిస్తదా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. వంతెన అడిగీ అడిగీ అలిసిపోయిన మనిషి మరి.

అయినా వచ్చినదాన్ని వదల్లేదు. వాగు ఒడ్డున తప్ప, గూడెంలో అంగన్‌వాడీ కిటికీలోనే సిగ్నల్ దొరుకుతుంది కాబట్టి వానాకాలమంతా ఫోన్ అక్కడే ఉండేది, ఎవరూ ముట్టుకోకూడదు. మెసేజ్ ఇంగ్లిషులో వచ్చేది. చదవడంతో ఆమెకు పనిలేదు, మోగితే చాలు, ఒడ్డుకు పోయి అడ్డంగా నిలబడేది. ఒకసారి సంతకు పోతానని మొండికేసిన ఒకతని బండి తాళంచెవి లాక్కుని బియ్యం డబ్బాలో వేసేసింది. "రేపు నీ పెండ్లాం వచ్చి నా మొగడేడి టీచరమ్మా అంటే, నేనేం జెప్పాలె?" అని నిలదీసింది. అతను నీళ్లు తగ్గేదాకా పిల్లల మధ్య కూర్చుని గుడ్లు ఒలిచాడు.

యంత్రం మంచిదే. దాన్ని నేను తిట్టడం లేదు. "దాటొద్దు" అన్న మాట దాటక తప్పనివాళ్లకు ఎందుకు పనికొస్తుందో మీరు చెప్పండి అంటున్నాను.

పోయిన వారం పొద్దున్నే ఆమెకు గుండెలో నొప్పి వచ్చింది. తమ్ముడు, మరో ముగ్గురు మంచం మీద మోసుకుంటూ ఒడ్డుకు తెచ్చారు. అవతల అంబులెన్స్ వచ్చి నిలబడింది, డ్రైవర్ చెయ్యి ఊపుతున్నాడు. నీళ్లు మోకాటి లోతే. కాలు పెట్టబోతుండగా, అంబులెన్స్‌ను పిలిచాక ఆమె కొంగులో ముడేసుకున్న ఫోన్ మోగింది.

"దించుర్రి" అంది.

"మోకాటి లోతే అక్కా, జల్దీ దాటేద్దాం" అన్నాడు తమ్ముడు.

"ఊరందరికొకటి, నాకొకటా? దించు."

దించారు. కాసేపటికే ఎర్ర నీళ్లు ఒడ్డు ఒరుసుకుంటూ వచ్చాయి. నలుగురూ బతికారు. ఆమె మధ్యాహ్నం దాకా అంబులెన్స్ వైపే చూస్తూ, ఆ ఒడ్డునే పోయింది. డ్రైవర్ చాలాసేపు బండి తిప్పలేదట.

నాకు ఏడవడం చేతకాదు, అడగడం వచ్చు. అడుగుతున్నాను.

వచ్చే వానాకాలం లోపు ఆ వాగు మీద వంతెన కట్టాలి.

అది పూర్తయ్యేదాకా మోటారు పడవ, నడిపే మనిషి అక్కడే ఉండాలి.

వానలున్నన్నాళ్లు మందులతో ఒక నర్సు గూడెంలోనే ఉండాలి.

మెసేజ్ తెలుగులో రావాలి, ఇంటింటికీ రావాలి.

వంతెనకు టీచరమ్మ పేరు పెట్టొద్దు. అంబులెన్స్ పట్టేంత వెడల్పు పెట్టండి.