నాకెవలూ లేరన్న మావ

మా చిన్న మావ పోయాడని నాకు చెప్పింది ఇంట్లోవాళ్లు కాదు. వార్డులో పొద్దుటి రౌండు అయ్యాక తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. సూది మందులకి అలవాటు పడ్డవాళ్ల కోసం నడిపే సెంటర్లో పనిచేసే మనిషి మాట్లాడాడు. "ఆయన తెల్లవారుజామున పోయారు మేడం. ఫారంలో దగ్గరివాళ్లెవరూ లేరని రాయించారు. మీరు ఆసుపత్రి మేడమనే అందరికీ చెప్పేవారు. మేనకోడలని మొన్న నాతో ఒక్కడితోనే అన్నారు, ఎవరికీ చెప్పొద్దన్నారు. మీకు కబురు చెయ్యకపోతే తప్పనిపించింది."

ఫోను పెట్టేసి స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ ఫారంలో ఆయన అలా ఎందుకు రాయించాడో నాకు తెలుసు. అది దాచుకోలేకే ఇది రాస్తున్నాను.

మావ మా అమ్మకి ఆఖరి తమ్ముడు. జాలరిపేటలో మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఉండేవాడు. హార్బర్‌లో మరబోటు మీద పని. చేపల వేటకెళ్తే పది పదిహేను రోజులు రాడు. తిరిగొచ్చిన రోజు భోజనం మా ఇంట్లోనే. కూరలో తలకాయ ముక్క తనే వేయించుకుని, మంచి ముక్కలన్నీ మా పిల్లల కంచాల్లోకి తోసేసేవాడు. "తలకాయలో తెలివుంటాది. అది నాకే తక్కువ," అనేవాడు. ఊరికే కూర్చోవడం చేతకాదు. బట్టలారేసే తాడు వదులుగా కనిపిస్తే సగం అన్నంలో లేచి వెళ్లి ముడి బిగించి వచ్చేవాడు.

నేను నర్సింగులో చేరానని పేటంతా చెప్పుకు తిరిగాడు. మొదటి ఏడాది సూది గుచ్చబోతే నాకు నరం దొరికేది కాదు. సెలవులకి ఇంటికొచ్చి ఏడుస్తుంటే మావ చొక్కా చెయ్యి మడిచి నా ముందు పెట్టాడు.

"నా మీద నేర్సుకో అమ్మీ. నా నరాలు తాళ్లలాగుంటాయి."

సూదంటే ఆయనకి చచ్చేంత భయం. గోడవైపు మొహం తిప్పుకుని "అయిపోయిందేటి? అయిపోయిందేటి?" అంటూనే ఉన్నాడు. రెండోసారికి రక్తం వచ్చింది. నేను సరిగ్గా పట్టుకున్న మొదటి నరం ఆయనదే.

ఆ తర్వాత కొన్నేళ్లకి బోటు మీద వల లాగే తాడు తెగి ఆయన భుజానికి కొట్టింది. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. చెయ్యి పైకి లేవదు, నొప్పి ఆగదు. వల లాగలేని మనిషిని బోటువాళ్లు ఎన్నాళ్లు పిలుస్తారు? వీధి చివర వైద్యం చేసే ఒకాయన దగ్గర ఇంజక్షను చేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉండేది. తర్వాత ఒక రోజు. తర్వాత ఒక పూట. ఆ తర్వాత ఆయనతో పని లేకుండా తనే పొడుచుకోవడం మొదలుపెట్టాడు. నిద్ర పట్టక మాత్రలు, వాటి మీద సారా. అత్త బిడ్డని చంకనేసుకుని భీమిలిలో పుట్టింటికి వెళ్లిపోయింది. మా అమ్మ పగలు కూడా తలుపు గడియ పెట్టడం నేర్చుకుంది. పేటలో వలలు దాచే షెడ్డు వెనక మావ తనలాంటి మరో ముగ్గురితో ఉండేవాడు.

ఒకరోజు అక్కడికెళ్లి నిలదీశాను. చదువుకున్న నర్సునన్న ధీమా నాది.

"ఇన్ని కలిపితే ఊపిరాగిపోతుంది మావా. ఒకటి చాలదా?"

"ఒక్కోటీ ఒక్కో పనికి అమ్మీ. నొప్పికొకటి. నిద్దరకొకటి. మూడోది సిగ్గుకి."

"నీకు సిగ్గు కూడానా?"

"లేకపోతే మూడోది ఎందుకే?"

నలుగురూ ఒకే సూది వాడుతున్నారని అప్పుడే చూశాను. రోగాలొస్తాయని కేకలేశాను. ఆయన పక్కవాళ్ల వైపు చెయ్యి చూపించి మెల్లగా అన్నాడు: "నాతో కూకునీవోళ్లు ఈలే కదా. సూది పంచుకున్నోడే సుట్టం." నాకు ఒళ్లు మండి వచ్చేశాను. కేసు షీట్లలో మేం మందుల పేర్లు రాస్తాం. భుజం సంగతి, పిలవని బోటు సంగతి, మా అమ్మ వేసిన గడియ సంగతి రాయడానికి వాటిలో చోటుండదు.

నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి.

ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిన రెండో ఏడు. నాకు డ్రెస్సింగు గదిలో డ్యూటీ. మోచేతి దగ్గర చీము పట్టి, జ్వరంతో కాలిపోతూ మావ వచ్చాడు. ఎవరో "సూది కేసు" అన్నారు. బెంచీ మీంచి లేపి కింద కూర్చోబెట్టారు. పొద్దున వచ్చిన మనిషిని మధ్యాహ్నం దాకా ఎవరూ ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు. ఆయన పక్కనుంచే మూడుసార్లు నడిచాను. చివరికి హెడ్ నర్సు అడిగింది. "జాలరిపేట అంటున్నాడు. నీకు తెలిసినవాడా?"

"తెలీదు మేడం," అన్నాను.

మావ విన్నాడు. నా వైపు చూడలేదు. చుట్టాలెవరని హెడ్ నర్సు ఆయన్నే అడిగితే, "నాకెవలూ లేరమ్మా," అన్నాడు.

రెండు జతల గ్లవుజులు తొడుక్కుని కట్టు కట్టాను. రక్తం తీయాలంటే చేతుల్లో ఒక్క నరమూ దొరకలేదు. చివరికి పాదం మీద తీశాను. ఈసారి ఆయన మొహం తిప్పుకోలేదు. సూది దిగడం చూస్తూ కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ "థాంక్స్ మేడం," అన్నాడు.

కొద్ది రోజులకి రిపోర్టు వచ్చింది. లివరుకి పట్టే వైరస్సు. మాత్రలతో నయమయ్యేదే, తొందరగా మొదలుపెట్టాలి. పేషెంటు మళ్లీ రాలేదు, అడ్రసు రాయించలేదు. ఎక్కడుంటాడో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ కాగితం మడిచి లాకర్లో పెట్టుకున్నాను. ఆదివారం వెళ్దామనుకున్నాను. వెళ్లలేదు. పెళ్లి కుదిరింది, ఉక్కునగరంలో కాపురం పెట్టాను. మా అత్తగారు గోదావరి వైపు మనిషి. మీ చిన్న మావయ్య కనపడరేంటని ఓసారి అడిగితే, వేటకెళ్లి మళ్లీ రాలేదని చెప్పాను. అలా రెండేళ్లు గడిచాయి.

మళ్లీ చూసింది మా ఆసుపత్రిలోనే. సూది మచ్చలు కనపడకుండా ఉతికిన ఫుల్ చొక్కా, దువ్విన తల. బక్కచిక్కిన ఒకాయన్ని పట్టుకుని నడిపించుకొస్తున్నాడు. సెంటర్లో సూదికి బదులు రోజూ నాలిక కింద పెట్టుకునే మాత్ర ఇస్తున్నారట. సూది మానేసి ఏడాది దాటిందట. ఇప్పుడు ఇలాంటివాళ్లని ఆసుపత్రికి తీసుకురావడమే తన పనట. ఈయనకి మీరేమవుతారని కౌంటర్లో అడిగితే "మావని" అన్నాడు. నా దగ్గరికొచ్చి, "మేడం, ఈడికి నరం ఓ పట్టాన దొరకదు. కోప్పడకండి," అన్నాడు.

వరండాలోకి వెంటపడి వెళ్లాను.

"మావా, అప్పటి నీ రిపోర్టు నా దగ్గరే ఉండిపోయింది."

"తెలిసిందిలే. సెంటరోళ్లు పరీచ్చ సేయించినారు."

"ఏమన్నారు?"

"లివరు గట్టిపడిపోయిందంట. మాత్రలిత్తన్నారు."

"అప్పుడే నేను చెప్పి ఉంటే..."

ఆయన చొక్కా చేతి గుండీ సర్దుకున్నాడు. "నువ్వు సెప్పినా ఆ రోజుల్లో నాను ఇనీవోణ్ణేటి?"

ఆ మాట నా కోసం అన్నాడని తెలుసు. వినేవాడు కాదేమో. వినేవాడేమో. చెప్పి ఉంటే తెలిసేది. ఇంటికి రమ్మన్నాను. "మీ అత్తోరికి ఏటని సెప్తావు?" అన్నాడు. వాళ్ల దృష్టిలో ఆయన సముద్రంలో పోయిన మనిషి.

ఆ తర్వాత ఎప్పుడొచ్చినా నలుగురిలో నేను మేడమ్‌నే. ఆఖరి నెలల్లో పొట్ట ఉబ్బి, కాళ్లు నీరు పట్టి, బయటికి రావడం మానేశాడు. డ్యూటీ దిగి ఇంటికి పోయేదారిలో నాలుగుసార్లు సెంటర్‌కి వెళ్లాను, దొంగలా. ఓసారి నా చెయ్యి పట్టుకుని చెప్పాడు: "మానీమని అందరూ సెప్తారు అమ్మీ. తిన్నావా అని ముందు అడుగు." ఇప్పుడు డ్రెస్సింగుకి వచ్చినవాళ్లని అదే అడుగుతున్నాను. చాలామంది తినలేదనే అంటారు.

ఫోను వచ్చిన రోజు ఇంటికెళ్లి మా ఆయనకి మొత్తం చెప్పాను. అబద్ధంతో సహా. ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని "పద," అన్నాడు. దారిలో అమ్మని ఎక్కించుకున్నాం.

శ్మశానంలో ఎండ నిప్పులు చెరుగుతోంది. సెంటర్ నుంచి వచ్చిన ఎనిమిది మంది మగవాళ్లు ప్రహరీ పక్కన దూరంగా నిలబడి ఉన్నారు. అంత ఎండలోనూ అందరూ ఫుల్ చొక్కాల్లో, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని, చెమటతో తడిసిపోయి ఉన్నారు. వాళ్లంతా మావకి ఏమవుతారో ఎవరూ అడగలేదు. చితి అంటుకున్నాక అమ్మ బిందెతో నీళ్లు, ఒక గ్లాసు పట్టుకుని వాళ్ల దగ్గరికి నడిచింది. మొదటాయన గ్లాసు పైకెత్తి, పెదవికి తగలకుండా పోసుకోబోయాడు. నీళ్లు మెడ మీదికి కారిపోయాయి.

"ఆనించుకునే తాగు నాయనా," అంది అమ్మ.

అతను పక్కవాళ్ల మొహాలు చూశాడు. తర్వాత గ్లాసు పెదవికి ఆనించి, కళ్లు మూసుకుని తాగాడు. అమ్మ అదే గ్లాసు మళ్లీ ముంచి రెండో ఆయనకిచ్చింది, తర్వాత మూడో ఆయనకి. సముద్రం మీంచి గాలి వీస్తుంటే ఆ చొక్కా చేతులన్నీ మెల్లగా ఉబ్బుతున్నాయి.