చేతులు మారిన వాచీ

సాయంత్రం షిఫ్టుకు వెళ్లే వాళ్లను ఎక్కించుకుని పురుషోత్తమన్ మూలకుళం స్టాపులో కంపెనీ బస్సును కదిలించబోతున్నాడు. ఇంతలో ఎదురుగా ఒక స్కూటర్ దూసుకొచ్చి బస్సుకు అడ్డంగా ఆగింది. తిట్టబోయి నోరు మూసుకున్నాడు. స్కూటర్ మీద ఉన్నది కూతురు అనుప్రియ. ఈ వేళకు వైట్ టౌన్‌లో ట్రావెల్స్ ఆఫీసులో లెక్కలు చూసుకుంటూ ఉండాల్సిన పిల్ల.

"నాయినా, ఇంజను ఆపు. కిందికి దిగు."

"ఏంది పాపా? అమ్మకేమన్నా అయిందా?"

"అమ్మకేం కాలా. నీకే. దిగు ముందు."

దిగాడు. ఆమె ఫోన్ తీసి ఆయన ముఖం ముందు పెట్టింది. దాని మీద ఇంగ్లీషులో ఏదో ఉంది. ఆయనకు అర్థమయ్యేట్టు ఆమే చెప్పింది. గుండె కొట్టుకునే తీరు సరిగా లేదనీ, వెంటనే డాక్టర్‌ను కలవమనీ ఆయన చేతి వాచీ చెబుతోందట. ఒకసారి కాదు, నిన్నా ఇవాళా పదేపదే చెప్పిందట. తను ఇప్పుడే చూసుకుందట.

బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. డ్రైవర్‌కు గుండె జబ్బట అన్న మాట రేపటికల్లా మేనేజర్ చెవిన పడుతుంది. గుండె జబ్బు మనిషి చేతికి నలభై మందిని అప్పగించే కంపెనీ ఏదీ ఉండదు. పురుషోత్తమన్ ఆ పూట ఖాళీగా ఉన్న డ్రైవర్ చంద్రన్‌ను ఫోన్ చేసి పిలిపించి, తాళం అతని చేతిలో పెట్టి, కూతురి స్కూటర్ వెనక కూర్చున్నాడు. దారిపొడవునా తన ఛాతీ లోపలి చప్పుడే వింటూ పోయాడు.

ఆ వాచీ ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. ఆషాఢం రోజుల్లో, ఆడి నెలలో తోటి డ్రైవర్ సెల్వరాజ్ సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మీదికి ఒరిగిపోయి మళ్లీ లేవలేదు. బస్సు నిలబడి ఉంది కాబట్టి ఇంకెవరికీ ఏమీ కాలేదు. ఆ చావు ఇంటి నుంచి వచ్చిన వారానికి అనుప్రియ ఈ వాచీ కొనుక్కొచ్చి తండ్రి మణికట్టుకు తొడిగింది. అడుగుల లెక్కా గుండె కొట్టుకునే లెక్కా అది పోగుచేసిందంతా, ఇంట్లో టీవీ పక్కన ఉండే ఆయన పెద్ద ఫోన్ దగ్గరికి రాగానే, అక్కడి నుంచి ఆమె ఫోన్‌కు చేరిపోతుంది.

కంపెనీ బస్సుల షెడ్డులో దాని గురించి రోజుకొక రకంగా మాట్లాడుకునేవాళ్లు. కొందరు ముచ్చటపడి తమ చేతికి పెట్టుకుని చూసుకున్నారు. చంద్రన్ మాత్రం నవ్వేశాడు. "గుండె బాగుంటే ఇది ఎందుకన్నా? బాగలేకుంటే ఇది ఏం చేస్తది?" పురుషోత్తమన్‌కు ఆ మాట నచ్చింది. ముప్పై ఏళ్లు బండి నడిపినవాడు. రోడ్డుకు తప్ప ఇంకెవరికీ జవాబు చెప్పుకోలేదు. ఇప్పుడేమో టీ కొట్టులో కాసేపు కూర్చుంటే చాలు, సాయంత్రం ఇంట్లో కూతురు విచారణ మొదలుపెడుతుంది. "పొద్దున అంతసేపు కూచునే ఉండావే? నడవలా? సిగరెట్టు తాగినావా? ఆ టైముకు కొట్టుకోడం పెరిగిందే?" పోలీసు స్టేషన్‌లో సంతకం పెట్టి వస్తున్నట్టు ఉండేది ఆయనకు.

అందుకే ఒక ఉపాయం కనిపెట్టాడు. పొద్దుటి ట్రిప్పు ముగించి నెల్లితోపులోని ఇంటికి వచ్చాక, మళ్లీ సాయంత్రం దాకా ఖాళీ. కూతురు ఆఫీసుకు వెళ్లగానే వాచీ విప్పి భార్య జయలక్ష్మమ్మ చేతికి పెట్టేవాడు. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని పెళ్లి జాకెట్లు కుట్టేది. మార్కెట్‌కూ, గుండీలూ లైనింగులూ కొనడానికీ ఆమె తిరిగే తిరుగుడు అంతా ఇంతా కాదు.

"ఇయ్యండి, మీ నడక కూడా నేనే నడుస్తా" అని ఆమె నవ్వుతూ చెయ్యి చాపింది మొదటి రోజు.

ఆయన ఖాళీ చేత్తో టీ కొట్టుకు పోయి హాయిగా సిగరెట్టు వెలిగించుకునేవాడు. సాయంత్రం డ్యూటీకి ముందు వాచీ మళ్లీ తానే తొడుక్కునేవాడు. అనుప్రియ సాయంత్రం ఫోన్ చూసి, "పరవాలా నాయినా, బాగా నడస్తా ఉండావు" అని మెచ్చుకునేది.

ఆసుపత్రిలో ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి ఛాతీకి తీగలు అతికించారు. డాక్టర్ అనుప్రియ ఫోన్ అందుకుని చూస్తూ తమిళంలో అడిగాడు.

"నిన్న పొద్దున పదకొండుకు ఏం చేస్తున్నారు? ఇవాళ కూడా దాదాపు అదే వేళకు."

పురుషోత్తమన్ గుర్తు తెచ్చుకున్నాడు. పదకొండుకు టీ కొట్టులో ఉన్నాడు. చేతికి వాచీ లేదు.

ఆ వేళకు వాచీ జయ చేతికి ఉంది.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. తలుపు దగ్గర అనుప్రియ నిలబడి ఉంది, ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి. ఇంతలో మిషను లోంచి కాగితం బయటికొచ్చింది. డాక్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇక్కడ ఏ తేడా లేదు. వాచీ వదులుగా ఉన్నా, చెయ్యి కదులుతున్నా ఒక్కోసారి ఇలా తప్పు చూపిస్తుంది. అయినా అనుమానం ఉండకూడదు, ఒక రోజంతా రికార్డు చేద్దాం."

ఆ రికార్డూ శుభ్రంగానే వచ్చింది. సిగరెట్టు మానమన్నారు, ఇంటికి పొమ్మన్నారు. కంపెనీకి చూపించుకోవడానికి చీటీ కూడా ఇచ్చారు. అనుప్రియ సిగ్గుతో కుంగిపోయింది. "అందరి ముందర నీ పరువు తీసినా నాయినా" అంటూ వాచీని తీసి బీరువాలో పడేసింది. వాచీ తప్పు చూపించిందని డాక్టరే అన్నాడు కదా, ఎవరి చేతికుంటే ఏమిటి, అదంతా అబద్ధమే అని పురుషోత్తమన్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకున్నాడే గానీ, ఆ రోజు నుంచి ఆయన కళ్లు భార్యను వదల్లేదు.

ఇన్నేళ్లూ చూడనివన్నీ కనబడసాగాయి. నీళ్ల బిందె ఎత్తాక జయ గోడకు ఆనుకుంటోంది. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగి, మెడ కింద అరచెయ్యి పెట్టుకుంటోంది. మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్లినామె సగం మెట్ల మీదే కూర్చుండిపోయింది ఒకరోజు.

ఆయన వెనకే ఎక్కి పోయాడు. "ఏంది జయా, ఆయాసంగా ఉందా?"

"గ్యాసు. పొద్దున సరిగా తినలా."

"నిజం చెప్పు. గుండెలో ఏమన్నా అవుతా ఉందా?"

ఆమె తడి చీరను ఒళ్లో పెట్టుకుంది. "అప్పుడప్పుడు పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టు ఉంటది. దసరా ముందర నుంచి. కాసేపు కూచుంటే అదే పోతది."

"ఆ వాచీ చెప్పినది నీ గురించే. నాకు తెలుసు."

"నాకూ తెలుసు" అంది ఆమె.

భార్యకు కూడా తెలుసన్న సంగతి ఆయన ఊహించలేదు.

"మీరు ఆసుపత్రికి పోయిన రోజే అనుకున్నా. చేతికి ఉన్నింది నాకే గదా. పాపకు చెప్పమాకండి. మిమ్మల్ని ఏం చేసిందో చూసినారు గదా, నన్ను మిషను మీద కూచోనివ్వదు. సంక్రాంతి తర్వాత తై నెల పెళ్లిళ్ల జాకెట్లు కుప్పగా ఉండాయి. అవి ఇచ్చేసినాక నేనే పోయి చూపించుకుంటా."

"అన్ని రోజులా?"

"ఇన్ని రోజులు ఉండలా? అదీ గాక, ఇప్పుడు చెప్తే మీరు వాచీ నాకు తొడిగి సిగరెట్టుకు పోయినారనేది కూడా చెప్పాల. చెప్తారా?"

ఆయన తల దించుకున్నాడు. ఆ మాట ఆమె దెప్పడానికి అన్నది కాదు. ఆయన నోరు కట్టేయడానికి అన్నది. అది బాగానే పనిచేసింది. ఆ తర్వాత రోజూ పొద్దున ఇవాళ చెప్పేద్దామనుకుంటూ లేచేవాడు. కూతురు తల దువ్వుకుంటూ, "ఏంది నాయినా, ఏమన్నా కావాల్నా?" అంటే, "ఏం లేదు పాపా, పోయి రా" అనేవాడు. బస్సు నడుపుతున్నంత సేపూ జేబులో ఫోన్ మోగుతుందేమోనన్న భయం. మోగకపోతే, ఎందుకు మోగలేదోనన్న భయం. టీ కొట్టుకు పోవడం మానేశాడు. నడి ఇంట్లో పేపరు పట్టుకుని కూర్చుని, మిషను చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని చెవి అటే పెట్టేవాడు.

ఒక ఆదివారం పొద్దున ఆ చప్పుడు ఆగింది.

తలెత్తి చూశాడు. జయ మిషను మీంచి లేచి కింద పట్టుగుడ్డ పరిచి కత్తిరించడానికి కూర్చుంది. కత్తెర ఆమె చేతిలోంచి జారి గుడ్డ మీద పడింది. తీయబోయింది. వేళ్లు దాన్ని పట్టుకోలేదు. మళ్లీ ప్రయత్నించింది. అప్పుడామె తలెత్తి భర్త వైపు చూసింది. నోరు ఒక పక్కకు లాగేసి ఉంది. ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చింది.

"పాపా!" పురుషోత్తమన్ వేసిన కేకకు వీధిలో వాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు.

ఆటోలో జయ తల ఆయన భుజం మీద వాలి ఉంది. నెల్లితోపు కూడలిలో టౌన్ బస్సులు ఒకదాని వెనక ఒకటి అడ్డం పడి ఉన్నాయి. ఆయన ఆటోలోంచి దూకి నడిరోడ్డు మీద నిలబడి, బస్సు డ్రైవర్లను పేరుపేరునా పిలుస్తూ, తిడుతూ, చేతులెత్తి దణ్ణం పెడుతూ దారి చేయించాడు. ఆటోలో అనుప్రియ తల్లి చెయ్యి పట్టుకుని, "అమ్మా, నన్ను చూడమ్మా, కండ్లు మూసుకోమాక" అంటూనే ఉంది.

ఈసారి డ్యూటీలో ఉన్నది వేరే డాక్టర్, వయసులో చిన్న ఆవిడ. చకచకా అడుగుతూ పోయింది. ఎప్పుడు మొదలైంది? బీపీ ఉందా? ఇదివరకు గుండె జబ్బు ఏమైనా?

"ఏమీ లేదు డాక్టర్" అంది అనుప్రియ. "అమ్మకు ఎప్పుడూ ఒంట్లో బాగుంటుంది."

"ఉంది" అన్నాడు పురుషోత్తమన్.

అనుప్రియ తిరిగి చూసింది.

"మధ్యమధ్యలో గుండె దడ వస్తా ఉంది. దసరా ముందర నుంచి. పాపా, ఆ వాచీ పట్టుకున్నది నా గుండె కాదు. పొద్దునపూట అది అమ్మ చేతికి ఉండేది. నేనే తొడిగినా. నువ్వు అడుగుతావని. సిగరెట్టు తాగడానికి." కూతురి వైపు చూడకుండానే చెప్పుకుపోయాడు. "ఆసుపత్రిలో నాకు తీగలు పెట్టినప్పుడే తెలుసు నాకు. చెప్పలా."

అనుప్రియ ఫోన్ తీసి, వాచీ నుంచి వచ్చిన పాత గుండె గీతలు తెరిచి డాక్టర్ చేతికిచ్చింది. డాక్టర్ చూసి తలూపింది. దీని వల్ల ఇప్పుడు చేసే వైద్యం మారదంది. కానీ గుండె సరిగా కొట్టుకోకపోతే లోపల రక్తం గడ్డకట్టి మెదడుకు చేరగలదనీ, కారణం ఎక్కడ వెతకాలో తెలిసిందనీ చెప్పింది. మెదడుకు స్కాన్ తీశారు. లోపల రక్తస్రావం లేదని తేలాక గడ్డను కరిగించే మందు ఎక్కించారు. వెంటనే తీసుకురావడం మంచిదయిందన్నారు.

తండ్రీ కూతుళ్లు వరండాలో బెంచీకి ఈ చివరా ఆ చివరా కూర్చున్నారు. మధ్యాహ్నం దాటింది. ఎవరూ ఏమీ తినలేదు.

"నన్ను చూస్తే అంత భయమా నాయినా నీకు?" చాలాసేపటికి అడిగింది అనుప్రియ.

"భయం కాదు పాపా. నా ఒళ్లు గురించి నాకంటే ముందర నీకు తెలిసిపోతా ఉంటే, ఏందో చిన్నపిల్లోడిని అయిపోయినట్టు అనిపించింది."

"ఆ మాట చెప్పుంటే నేనే తీసేసుండేదాన్ని. అమ్మకు తొడగాల్నా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది.

సాయంత్రానికి జయలక్ష్మమ్మ నోరు చక్కబడింది. మాట తిరిగి వచ్చింది. ఆమె మొదట అడిగింది పట్టుగుడ్డ ఏమయిందని. తర్వాత కూతురి ముఖమూ భర్త ముఖమూ చూసి విషయం గ్రహించింది. "ఆయన్ను ఒక్కరినే అనమాక. చెప్పొద్దన్నది నేను" అంది.

చిన్నప్పుడెప్పుడో వచ్చిన జ్వరం వల్ల గుండె కవాటం ఒకటి పాడైందనీ, అది ఇన్నాళ్లకు బయటపడిందనీ తర్వాత పరీక్షల్లో తేలింది. రక్తం పలచబడే మాత్రలు ఇక జీవితమంతా వేసుకోవాలి. కాలు బాగానే ఉంది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మాత్రం మునుపటిలా వంగలేదు. కత్తెర పట్టుకుంటే కోత వంకర పోతుంది. పక్కింటి మీనా వచ్చి ఆమె చెప్పినట్టు గుడ్డ కత్తిరించి పెడుతోంది, ఆమె మిషను మీద కుడుతోంది. తై నెల జాకెట్లలో సగం కుట్టకుండానే వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది. ఆ మూటలు గడప దాటుతున్నప్పుడు ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

అనుప్రియ తండ్రితో మామూలుగా మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. ఆయన సిగరెట్టు మానేశాడు. అప్పుడప్పుడు తప్పుతాడు, తప్పిన రోజు తానే చెప్పేస్తాడు.

ఇప్పుడు వాచీ జయలక్ష్మమ్మ చేతికి ఉంటోంది. డాక్టరూ వద్దనలేదు. దాన్ని మాటిమాటికీ చూసేది మాత్రం కూతురు కాదు, పురుషోత్తమన్. జేబులోకి కొత్త ఫోన్ ఒకటి కొని, కూతురి దగ్గర నేర్చుకుని ఆ గీతలన్నీ దాంట్లోకి తెప్పించుకున్నాడు. పొద్దుటి ట్రిప్పు అయ్యాక షెడ్డులో బస్సు ఆపగానే ఇంటికి ఫోన్ చేస్తాడు. "ఏంది జయా, ఎనిమిదికి ఎందుకంత పెరిగింది? మెట్లెక్కినావా? మాత్ర వేసుకున్నావా?" మళ్లీ మధ్యాహ్నం. మళ్లీ సాయంత్రం స్టాపులో.

ఒకరోజు ఆయన ఇంటికి వచ్చేసరికి జయలక్ష్మమ్మ వాచీ విప్పి మిషను బల్ల మీద పెట్టి, జాకెట్టు కుడుతోంది.

"ఎందుకు విప్పినావు?" ఆయన గొంతులో ఆందోళన.

"పొద్దున పెట్టుకుంటా, పండుకునేటప్పుడు పెట్టుకుంటా. పనిచేసుకునేటప్పుడు పెట్టుకోను. డాక్టరమ్మను అడిగే చేస్తా ఉండా."

"మధ్యలో ఏమన్నా అయితే?"

"అయితే పిలుస్తా. ఈసారి దాచను." ఆమె దారం కొరికి తుంచింది. "ఇదిగో చూడండి. మీకు నా ఒళ్లు ఎట్లా ఉండాదో కనుక్కోవాలనుంటే వచ్చి నా పక్కన కూచోని నన్ను అడగండి. ఫోన్‌ను అడగమాకండి."

వాచీని తీసి ఆమె చేతికి తొడగాలని పురుషోత్తమన్ చెయ్యి ముందుకు చాపాడు, కానీ వెనక్కి తీసుకున్నాడు. ముక్కాలిపీట లాక్కుని మిషను పక్కన కూర్చున్నాడు.

"ఎట్లా ఉండాది ఇప్పుడు?" అని అడిగాడు.

"ఆకలిగా ఉండాది" అంది జయలక్ష్మమ్మ. "పోయి ఉప్మాకు ఉల్లిగడ్డ తరగండి."