మామ చూడలేదన్న చావు

ఎనభై మూడులో కొలంబోలో సింహళ గుంపులు తమిళుల ఇళ్ళూ అంగళ్ళూ తగలబెట్టినప్పుడు మా మామ అక్కడే ఉన్నాడు. అమ్మకు తమ్ముడు. అక్కడ గుడ్డల కొట్టు నడిపేవాడు. తెలుగువాడైనా ఆ గుంపుల లెక్కలో తమిళుడే. పక్కింటి సింహళాయన మేడ మీద దాచిపెడితే ప్రాణాలతో బయటపడి, తిరుత్తణిలో మా ఇంటికి చేరాడు. కొండెక్కి, గుండు చేయించుకుని మొక్కు తీర్చుకున్నాడు. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ, తన కొట్లో పనిచేసే తమిళాయన్ని వీధిలోకి ఈడ్చి ఎలా చంపారో, మేడ కిటికీలోంచి చూసిందంతా చెప్పాడు. అమ్మ ఏడ్చింది. నాకప్పుడు పదిహేడేళ్ళు, ముద్ద దిగలేదు. మామ మాత్రం మారు వడ్డించుకున్నాడు.

నెల తిరిగేసరికి, కొట్టు మళ్ళీ తెరుచుకోవచ్చని అక్కణ్ణుంచి ఉత్తరం వచ్చింది. దాంతో మామ మాట మారింది.

"పేపరోళ్ళు ఒకటికి పది రాసినారు" అన్నాడు. తర్వాత్తర్వాత, "తమిళ పిల్లోళ్ళు సిపాయిల్ని చంపితే సింహళపోళ్ళు చూస్తా కూచుంటారా?" అనడం మొదలుపెట్టాడు. వీధిలో అందరూ తలలూపారు. అక్కడుండి వచ్చినవాణ్ణి కాదనేదెవరు? నాకు ఒళ్ళు మండేది, లేచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

అప్పుడే ఆ చనిపోయినాయన భార్య మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. శరణార్థుల క్యాంపులో ఉందట. అక్కడి రిజిస్టరులో ఆమె పేరు పక్కన 'భర్త వదిలేసి పోయాడు' అని రాసుకున్నారట. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరు సంతకం పెడితే ఆ మాట కొట్టేసి, చంపేశారని రాస్తామన్నారట.

"ఒక్క సంతకం, ముదలాళీ" అంది తమిళంలో. అక్కడ యజమానిని అలాగే పిలుస్తారు.

"నేను చూడలేదమ్మా. ఆ పొద్దు నేను ఊర్లోనే లేను. ఏమో, యాడన్నా బతికే ఉండాడేమో" అన్నాడు మామ.

ఆమె మళ్ళీ చేతులు జోడించింది.

"నన్ను ఆ సుబ్రమణ్యస్వామే కాపాడినాడు. నువ్వూ కొండెక్కి మొక్కుకో" అన్నాడు. సిగ్గులేని మనిషి. గుండు మీద జుట్టు ఇంకా సరిగ్గా ఎదగనైనా లేదు.

ఆమె లేచింది. సాగనంపడానికి గేటు దాకా వెళ్ళాను.

"పాపా, మీ మామ ఇంట్లో ఏమన్నా చెప్పినారా?" అని అడిగింది.

వెనక వసారాలో మామ నిలబడి ఉన్నాడు.

"లేదక్కా" అన్నాను. అక్కా అని కూడా పిలిచాను.

ఆమె బస్టాండుకు దారి అడిగింది. అది మాత్రం నిజమే చెప్పాను.